పెద్దల మాట, దేవుని చిత్తం



పెద్దల మాట చద్దిమూట అని మన సామెత. పొలం గట్టున ఆకలివేళ చద్దిమూట ఎలా ఆదుకుంటుందో, కష్టకాలంలో పెద్దల సలహా అలా ఆదుకుంటుంది. కాని ఒక్కొక్కప్పుడు ఆ చద్ది మనకు మింగుడు పడదు. ఇంట్లోవాళ్ళు ఒకటి చెపుతారు. అంతరాత్మ మరొకటి చెపుతుంది. చెప్పేవాళ్ళు పగవాళ్ళయితే తోసిపుచ్చవచ్చు. కాని వాళ్ళు మనల్ని కన్నవాళ్ళు, మనతో కాపురం చేసేవాళ్ళు, మన మేలు కోరేవాళ్ళు. వాళ్ళ మాట వింటే దేవునికి దూరమౌతామేమోనని భయం. వినకపోతే వాళ్ళకు దూరమౌతామని బాధ. అప్పుడేం చేయాలి?

ఆదివారం పూజ ముగిసి గుడి ముందు నిలబడినప్పుడు విచారణ గురువును చాలమంది అడిగే ప్రశ్న ఇది. ఈ వారం దీన్ని గూర్చి కొంచెం నిదానంగా ఆలోచించి చూద్దాం.

1. సలహా దేవుని వరమే

ముందుగా ఒక అపోహను తొలగించుకోవాలి. మనుషుల సలహా వేరు, దేవుని చిత్తం వేరు, ఆ రెంటికీ ఎప్పుడూ పడదు అని కొందరు అనుకుంటారు. ఇది సరికాదు. పవిత్రాత్మ ఏడు వరాలలో ఆలోచన వరం ఒకటి. ఆ వరం మనకు తిన్నగా రావచ్చు, ఇతరుల నోటి గుండా కూడ రావచ్చు.

మోషే సంగతి చూడండి. అతడు దేవునితో ముఖాముఖి మాట్లాడినవాడు. ఐనా ఉదయం నుండి సాయంత్రం దాకా ఒక్కడే కూర్చుండి ప్రజల తగవులు తీరుస్తూ అలసిపోతుంటే, మామ యిత్రో వచ్చి ఇది మంచి పద్ధతి కాదన్నాడు. నమ్మకమైన పెద్దలను ఎన్నుకొని వాళ్ళకు పని పంచి ఇమ్మన్నాడు. యిత్రో యిస్రాయేలీయుడు కాదు, మిద్యాను దేశపు యాజకుడు. ఐనా మోషే అతని మాట విన్నాడు. యిత్రో కూడ తన సలహాను మోషే నెత్తిన రుద్దలేదు. దేవుడు కూడ ఇలాగే సెలవిస్తేనే అలా చెయ్యమన్నాడు (నిర్గమ 18). సలహా ఇచ్చేవాళ్ళూ పుచ్చుకొనేవాళ్ళూ ఇద్దరూ నేర్చుకోవలసిన మర్యాద ఇది.

సిరియా సేనాధిపతి నామాను సంగతి కూడ ఇలాంటిదే. అతడు కుష్ఠరోగి. యోర్దాను నదిలో ఏడుసార్లు మునగమని ఎలీషా ప్రవక్త కబురు పెడితే, అది తన హోదాకు తగదని కోపగించుకొని వెనుదిరిగాడు. అతనికి నచ్చజెప్పి ఒప్పించింది అతని సేవకులు (2 రాజులు 5). సొంత బుద్ధికి పోయివుంటే నామాను కుష్ఠరోగిగానే ఇల్లు చేరేవాడు.

పునీత తోమాసు అక్వినాసు వివేకమనే పుణ్యాన్ని వివరిస్తూ, ఇతరుల నుండి నేర్చుకొనే గుణం దానిలో భాగమని చెప్పాడు. బ్రతుకులో ఎదురయ్యే పరిస్థితులు లెక్కలేనన్ని. అన్నిటినీ ఒక్కడే చూడలేడు. కనుక అనుభవం గల పెద్దల మాటకు చెవియొగ్గాలని ఆయన బోధ. కావున సలహా వినడం బలహీనత కాదు. అది వినయం.

2. ఎవరిని అడగాలి?

ఐతే ఎవరి సలహా వినాలి? సీరాపుత్రుడైన యేసు జ్ఞానగ్రంథం 37వ అధ్యాయం ఈ విషయంలో మనకు మంచి పాఠం చెపుతుంది. ప్రతివాడూ తన సలహా గొప్పదనే అంటాడు, కాని కొందరు సొంత లాభం చూచుకొని సలహా ఇస్తారని ఆ జ్ఞాని హెచ్చరించాడు. యుద్ధాన్ని గూర్చి పిరికివాణ్ణి అడగవద్దన్నాడు. సరుకు ధరను గూర్చి దాన్ని కొనబోయేవాణ్ణి అడగవద్దన్నాడు. కృతజ్ఞతను గూర్చి లోభిని అడగవద్దన్నాడు. ఇవి ఎంత లోకజ్ఞానం గల మాటలో చూడండి!

మరి ఎవరిని అడగాలి? ఆ జ్ఞాని మూడు మెట్లు చెప్పాడు. మొదటిది, దేవుని ఆజ్ఞలు పాటించే భక్తుణ్ణి, నీవు పడితే నీతోపాటు బాధపడేవాణ్ణి అడుగు. రెండవది, నీ హృదయం చెప్పేది విను. కోటమీద ఎత్తున కూర్చున్న ఏడుగురు కావలివాళ్ళకంటె మనిషి హృదయమే ఒక్కొక్కసారి ఎక్కువ తెలుపుతుంది. మూడవది, అన్నిటికంటె మిన్నగా, నిన్ను సత్యమార్గాన నడిపించమని మహోన్నతునికి ప్రార్థన చెయ్యి.

ఈ వరుసను గమనించండి. పెద్దలు ఉన్నారు, హృదయం ఉంది, ప్రార్థన ఉంది. వీటిలో ఏ ఒక్కదాన్నీ వదలిపెట్టకూడదు. పెద్దల దగ్గరే ఆగిపోయినవాడు నలుగురి చేతిలో కీలుబొమ్మ అవుతాడు. పెద్దలను అడగకుండ హృదయంతో మొదలుపెట్టినవాడు తన ఇష్టాన్నే దేవుని ఇష్టమనుకుంటాడు.

3. వార్త దేవునిది, ముగింపు మనుషులది

ఇంతవరకు బాగానే ఉంది. కాని భక్తిపరులే, మన కోసం కన్నీరు కార్చేవాళ్ళే, దేవుని చిత్తానికి అడ్డంగా సలహా ఇస్తే? అపోస్తలుల కార్యాలు 21వ అధ్యాయంలో ఇలాంటి సంఘటనే జరిగింది.

పౌలు యెరూషలేముకు ప్రయాణమయ్యాడు. అక్కడ తనకు సంకెళ్ళూ శ్రమలూ కాచుకొని ఉన్నాయని అతనికి ముందే తెలుసు. ఐనా ఆత్మయే తనను అక్కడికి నడిపిస్తున్నదని అతని నమ్మకం (20, 22-23). దారిలో తూరు పట్టణంలోని శిష్యులు ఆత్మ ప్రేరణతో అతన్ని పోవద్దన్నారు. తర్వాత సిజరియాలో ఫిలిప్పు ఇంట దిగినప్పుడు అగబు ప్రవక్త వచ్చి, పౌలు నడికట్టుతో తన కాళ్ళూ చేతులూ కట్టుకొని, ఈ నడికట్టు గలవానికి యెరూషలేములో ఇదే గతి అని చెప్పాడు. అది విని అక్కడున్న వాళ్ళంతా వెళ్ళవద్దని ఏడ్చారు. పౌలు హృదయం కరిగిపోయింది. ఐనా అతడు ఆగలేదు. ప్రభువు కోసం బంధితుణ్ణి కావడానికే కాదు, చావడానికి కూడ సిద్ధమేనన్నాడు. చివరకు వాళ్ళు ప్రభువు చిత్తానికి వదలిపెట్టి ఊరకున్నారు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఆత్మ పౌలును పొమ్మంటాడా? అదే ఆత్మ శిష్యుల చేత వద్దనిపిస్తాడా? ఆత్మలో రెండు నాలుకలు లేవు కదా! జాగ్రత్తగా చదివితే సంగతి తెలుస్తుంది. ఆత్మ బయలుపరచింది ఒక్కటే: పౌలుకు శ్రమలు వస్తాయి. ఈ వార్త దేవునిది. కనుక పోవద్దు అనే ముగింపు మాత్రం శిష్యులది. అది ప్రేమలోనుండి పుట్టింది, భయంలోనుండి పుట్టింది. పౌలు వాళ్ళ వార్తను నమ్మాడు. వాళ్ళ ముగింపును అంగీకరించలేదు.

యేసుప్రభువు తన శ్రమలను గూర్చి చెప్పినప్పుడు పేతురు చేసింది కూడ ఇదే. గురువు బాధపడకూడదనే ప్రేమతోనే అడ్డుపడ్డాడు. ప్రభువు ఆ సలహాను పిశాచ శోధనగా ఎంచి కఠినంగా మందలించాడు (మత్తయి 16, 21-23). కాని పేతురును వెళ్ళగొట్టలేదు. ఆరు దినాల తర్వాత అతన్నే కొండమీదికి వెంటబెట్టుకొని పోయి తన మహిమను చూపించాడు. సలహాను త్రోసివేశాడేగాని సలహా ఇచ్చినవాణ్ణి త్రోసివేయలేదు.

పాఠకులారా, ఈ పాఠంలో మీరు గుర్తుంచుకోవలసింది ఈ ఒక్క సంగతే. ప్రతి సలహాలోనూ రెండు భాగాలుంటాయి. ఒకటి, ఉన్న నిజం. రెండు, దాని నుండి తీసిన ముగింపు. నిజాన్ని గౌరవంతో తీసుకోవాలి. ముగింపును దేవుని ముందు పెట్టి తూచాలి.

4. ఒక రైతు సాక్ష్యం

ఇది అపోస్తలుల కాలంతో ముగిసిపోయిన సంగతి కాదు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో ఒక సామాన్య రైతు బ్రతుకులో ఇది ఎలా జరిగిందో చూద్దాం.

ఆస్ట్రియా దేశంలో జర్మనీ సరిహద్దు దగ్గర సంక్త్ రాడెగుండ్ అనే చిన్న పల్లె ఉంది. ఫ్రాంజ్ యేగర్‌స్టేటర్ 1907లో అక్కడ పుట్టాడు. పల్లె బడిలో చదివాడు. యవ్వనంలో దుడుకుగా తిరిగాడు. 1936లో ఫ్రాన్సిస్కాను పెండ్లాడాక అతని భక్తి బాగా పెరిగింది. దంపతులిద్దరూ కలసి బైబులు చదివేవాళ్ళు, ప్రార్థన చేసేవాళ్ళు. వాళ్ళకు ముగ్గురు ఆడపిల్లలు పుట్టారు. అతడు సేద్యం చేసుకుంటూనే 1941 నుండి ఊరి గుడిలో పూజకు కావలసినవన్నీ సిద్ధం చేసే పని కూడ చేసేవాడు.

1938లో హిట్లరు ఆస్ట్రియాను జర్మనీలో కలుపుకున్నాడు. దాన్ని ఆమోదించమని ఓటింగు పెట్టినప్పుడు ఆ ఊళ్ళో కాదని ఓటు వేసింది ఫ్రాంజ్ ఒక్కడే. తర్వాత అతన్ని సైనిక శిక్షణకు పిలిచారు. 1941లో ఇంటికి తిరిగి వచ్చాడు. మతిస్థిమితం లేని రోగులను ప్రభుత్వమే చంపిస్తున్నదనే సంగతి అతని చెవిన పడింది. ఇది అన్యాయమైన యుద్ధమని, ఇలాంటి ప్రభుత్వం కోసం ఆయుధం పడితే ఆ పాపంలో తనకూ పాలుంటుందని అతనికి రూఢి అయింది. మళ్ళీ పిలుపు వస్తే పోరాడనని నిశ్చయించుకున్నాడు.

ఊరందరిది ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని మనం అంటాం కదా! ఆ ఊళ్ళో కూడ అతన్ని అలాగే చూశారు. తల్లి బ్రతిమాలింది. బంధువులు వచ్చి చెప్పారు. మొదట్లో భార్య కూడ వద్దనే అన్నది. అతడు గురువులను అడిగాడు. లింజ్ పట్టణానికి పోయి పీఠాధిపతినే కలసికొన్నాడు. కుటుంబం గల తండ్రివి, నీ బాధ్యత చూచుకో, యుద్ధం మంచిచెడ్డలు తేల్చడం నీ పని కాదు అన్న ధోరణిలోనే సలహా వచ్చింది.

వాళ్ళు చెప్పినదానిలో అబద్ధం లేదు. నీవు చస్తావు అన్నారు, నిజమే. నీ భార్య విధవ అవుతుంది అన్నారు, నిజమే. నీవొక్కడివి మానితే యుద్ధం ఆగదు అన్నారు, అదీ నిజమే. కాని ఈ నిజాలన్నిటినీ కూడినా, కనుక పాపంలో పాలుపంచుకో అనే ముగింపు రాదని ఆ రైతుకు అర్థమైంది.

1943 మార్చి నెలలో అతడు సైనిక కేంద్రానికి పోయి తన నిర్ణయం చెప్పాడు. చెరసాలలో పెట్టారు. గాయపడ్డవాళ్ళకు సేవచేసే పని ఇస్తే చేస్తానన్నాడు. వాళ్ళు ఒప్పుకోలేదు. జూలై 6న బెర్లినులో మరణశిక్ష విధించారు. ఆ నెలలోనే భార్య, విచారణ గురువు అంత దూరం పోయి అతన్ని చూశారు. అప్పుడు కూడ మనసు మార్చుకోమని గురువు బ్రతిమాలాడు. ఫ్రాంజ్ మారలేదు. 1943 ఆగస్టు 9న బ్రాండెన్‌బర్గ్ చెరసాలలో అతని తల నరికారు. అప్పటికి అతనికి 36 ఏండ్లు.

ఇందులో మరీ గమనింపదగిన విషయాలు రెండు. మొదటిది, తనకు అడ్డం చెప్పిన గురువులనూ పీఠాధిపతులనూ అతడు నిందించలేదు. వాళ్ళు కూడ మనలాగే రక్తమాంసాలు గల మనుషులని, వాళ్ళమీద రాళ్ళు వేయకూడదని రాసుకున్నాడు. తుది వరకు శ్రీసభ బిడ్డగానే ఉండి, దివ్యసత్ప్రసాదం పుచ్చుకొని చనిపోయాడు. రెండవది, అతని భార్య. అతని నిశ్చయం దృఢమైందని గ్రహించాక ఆమె వాదించడం మానింది. అందరూ అతనితో వాదిస్తున్నారు, నేనూ అతని పక్షాన నిలవకపోతే అతనికి ఎవరూ ఉండేవాళ్ళు కాదు అని ఆమె తర్వాతి కాలంలో చెప్పింది.

ఆ నిలబడడానికి ఆమె మూల్యం చెల్లించింది. యుద్ధం ముగిశాక ఊళ్ళో కొందరు ఆమెనే తప్పుపట్టారు. యుద్ధంలో చనిపోయినవాళ్ళ భార్యలకిచ్చే పింఛను ఆమెకు 1950 దాకా ఇవ్వలేదు. ముగ్గురు పిల్లలతో సేద్యం చేసుకొని బ్రతికింది.

బొంబాయి అగ్రపీఠాధిపతిగా పనిచేసిన తామస్ రాబర్ట్స్ అనే యేసుసభ గురువు 1965లో రెండవ వాటికన్ మహాసభకు ఈ రైతు సంగతిని తెలియజేశాడు. నేటి ప్రపంచంలో శ్రీసభను గూర్చి ఆ మహాసభ చేసిన అధికార ప్రకటన, మనస్సాక్షి కారణంగా ఆయుధం పట్టనివాళ్ళను చట్టాలు దయతో చూడాలని చెప్పింది (79వ భాగం). సైన్యంలో చేరడమే పాపమని దీని భావం కాదు. దేశ రక్షణకోసం న్యాయంగా పనిచేసే సైనికుణ్ణి కూడ అక్కడే మెచ్చుకొన్నారు. 2007 అక్టోబరు 26న లింజ్ పట్టణంలో శ్రీసభ ఫ్రాంజును ధన్యుడుగా ప్రకటించింది. 94 ఏండ్ల ఫ్రాన్సిస్కా ఆ పూజలో పాల్గొంది. 2013లో నూరేండ్లు నిండాక ఆమె ప్రభువులో నిద్రించింది.

5. మన ఇండ్లలో

మనల్నెవరూ తల నరికే చోటికి తీసుకుపోవడం లేదు. కాని మన ఇండ్లలో కూడ ఇదే పరీక్ష చిన్న రూపంలో వస్తూనే ఉంటుంది.

పెండ్లి మాటలు జరుగుతుంటాయి. కట్నం పుచ్చుకోనని అబ్బాయి అంటాడు. చెల్లెలి పెండ్లికి చేసిన అప్పు ఇంకా తీరలేదని తండ్రి అంటాడు. కట్నం వద్దంటే అబ్బాయిలో ఏదో లోపముందని అనుకుంటారని మేనమామ అంటాడు. వీటిలో అప్పు నిజం. లోకం మాట కూడ నిజమే కావచ్చు. కాని మన అప్పు మరొక ఆడపిల్ల తండ్రి తీర్చాలనే ముగింపు న్యాయం కాదు. కట్నం ఇవ్వడం, పుచ్చుకోవడం 1961 నుండి చట్టరీత్యా కూడ నేరం. జ్ఞానవివాహం దివ్యసంస్కారం. దానికి బేరం ఉండకూడదు. ఐతే ఆ అబ్బాయి అంతటితో చేతులు దులుపుకోరాదు. నాన్నా, ఆ అప్పు నా జీతంతో నేను తీరుస్తాను అనాలి. తండ్రి చెప్పిన నిజాన్ని తీసుకోవడమంటే అదే.

మరొక ఇంట్లో అమ్మాయికి మఠంలో చేరాలని ఉంటుంది. ఒక్కగానొక్క బిడ్డవు, మమ్మల్ని చూచేదెవరని తల్లి ఏడుస్తుంది. ఆ కన్నీరు నిజం. కుటుంబ బంధాలు ముఖ్యమైనవే కాని అన్నిటికంటె పైవి కావని, బిడ్డల పిలుపును తల్లిదండ్రులు గౌరవించాలని శ్రీసభ సత్యోపదేశం చెపుతుంది (2232). పైన చెప్పిన తోమాసు అక్వినాసే దోమినిక్ సభలో చేరబోతుంటే, 1244లో సొంత అన్నలే అతన్ని పట్టుకొనిపోయి ఏడాదిపాటు ఇంట్లో నిర్బంధించారు. నేడు ఆ అన్నలు అడ్డుపడ్డ తమ్మునివల్లనే ఆ కుటుంబం పేరు లోకానికి తెలుసు. దీనికి మరో ప్రక్క కూడ ఉంది. పిలుపు లేని కొడుకును మ్రొక్కుబడి అని చెప్పి గురుమఠానికి తరమడం కూడ దైవచిత్తం కాదు. తల్లి మ్రొక్కు కొడుకు పిలుపు కాబోదు.

ఇంకొక ఇంట్లో కడుపులో ఉన్నది మళ్ళీ ఆడపిల్లేమోనని, లేదా బిడ్డకు లోపముందని, తీయించెయ్యమని సలహా ఇస్తారు. పుట్టబోయేది ఆడో మగో పరీక్షించి చెప్పడం 1994 నాటి చట్టం ప్రకారం నేరం. చట్టం లేకపోయినా ఐదవ ఆజ్ఞ ఉండనే ఉంది. ఇక్కడ వివేచనకు తావే లేదు. ఐనా ఆ సలహాలోని నిజాన్ని మనం చూడాలి. ఆ తల్లి బీదరాలు, ఒంటరిది, భయపడుతున్నది. బిడ్డను ఉంచుకో అని చెప్పి ఇంటికి పోయేవాళ్ళు సగం మాటే చెప్పినట్లు. మిగిలిన సగం ఆసుపత్రి ఖర్చులోనూ, పాలడబ్బాలోనూ, ఆ బిడ్డను ఎత్తుకోవడంలోనూ ఉంది. అది విచారణ అంతటి బాధ్యత.

6. తాను పట్టిన కుందేలు

ఇక రెండవ ప్రక్క చూద్దాం. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అనేవాళ్ళు మనలో తక్కువేం కాదు. ఎవరేమన్నా వినరు. అడిగితే దేవుడే చెప్పాడంటారు. అందరూ వ్యతిరేకిస్తున్నారు కనుక ఇది దైవచిత్తమే అంటారు. ఇది తప్పు లెక్క. దేవుని చిత్తానికి వ్యతిరేకత వస్తుంది, నిజమే. కాని వ్యతిరేకత వచ్చినదంతా దేవుని చిత్తం కాదు.

దేవుని పేరు చెప్పి వచ్చే సలహాతో కూడ జాగ్రత్తగా ఉండాలి. దావీదును చంపడానికి వెదకుతున్న సౌలు రాజు గుహలో ఒంటరిగా చిక్కాడు. ప్రభువు శత్రువును నీ చేతికి అప్పగించిన రోజు ఇదేనని దావీదు మనుషులు నూరిపోశారు (1 సమూ 24). అవకాశం నిజం. దేవుడు చంపమన్నాడనేది మాత్రం వాళ్ళ ముగింపు. దావీదు అతన్ని చంపలేదు.

నేడు కొందరు ప్రార్థన కూటాలలో రోగులతో, నీకు విశ్వాసముంటే మందులు మానెయ్యి అంటారు. దేవుడు స్వస్థపరుస్తాడన్నది నిజం. కనుక మందులు మానమనేది ముగింపు. వైద్యుణ్ణి దేవుడే సృజించాడని, మందులను భూమి నుండి దేవుడే పుట్టించాడని, జ్ఞాని వాటిని అసహ్యించుకోడని సీరా గ్రంథం 38వ అధ్యాయం చెపుతుంది. షుగరు మాత్రలూ మూర్ఛ మాత్రలూ మానేసి ప్రాణంమీదికి తెచ్చుకోవడం విశ్వాసం కాదు, దేవుణ్ణి శోధించడం.

మరి మొండితనాన్నీ దైవచిత్తాన్నీ ఎలా వేరుచేయాలి? ఫ్రాంజును మళ్ళీ చూడండి. అతడు అందరినీ అడిగాడు. తొందరపడలేదు, రెండేండ్లు ఆలోచించాడు. పాపం కాని దారి ఏదైనా ఉందేమోనని వెదికాడు. అడ్డం చెప్పినవాళ్ళను ప్రేమించాడు. అతని నిర్ణయంవల్ల అతనికి లోకంలో ఏ లాభమూ కలగలేదు. మొండివాని తీరు దీనికి విరుద్ధం. అతడు దాచిపెడతాడు, తొందరపడతాడు, కాదన్నవాళ్ళను తృణీకరిస్తాడు, తరచుగా అతని దైవచిత్తం అతని జేబుకే అనుకూలంగా ఉంటుంది.

7. ఆచరణలో

ఇంతవరకు చెప్పుకొన్నదాన్ని కొన్ని మెట్లుగా పేర్చుకుందాం.

మొదట దేవుని ఆజ్ఞను చూడాలి. మేలు కలుగుతుందని చెప్పి కీడు చేయకూడదు అనేది శ్రీసభ బోధ (సత్యోపదేశం 1789). సలహా పాపం వైపు పొమ్మంటే ఇక తర్జనభర్జన అక్కరలేదు. కాని మనకు ఎదురయ్యే సమస్యలు చాలవరకు అలాంటివి కావు. పట్నం పోయి ఉద్యోగం చేయాలా, ఊళ్ళో ఉండి తల్లిదండ్రులను చూడాలా? ఇవి రెండూ మంచివే. ఇలాంటి చోటనే వివేచన కావాలి.

అప్పుడు సలహాను కాగితంమీద రెండు వరుసలుగా రాసుకోండి. ఒక వరుసలో నిజాలు. మరొక వరుసలో ముగింపులు. మీ సొంత ఆలోచనను కూడ అలాగే రాసుకోండి. మన ముగింపులు కూడ తూకానికి ఎక్కవలసిందే.

తర్వాత ప్రార్థనలో పెట్టండి. లొయోలా పునీత ఇగ్నేషియస్ తన ధ్యాన పుస్తకంలో రెండు చక్కని ఉపాయాలు చెప్పాడు. ఇదే సమస్యతో ముక్కూమొగం తెలియని మనిషి ఒకడు నా దగ్గరకు వస్తే నేనేమని సలహా ఇస్తాను? ఇది ఒకటి. నేను మరణపడకమీద ఉన్నప్పుడు, ఈ విషయంలో ఏమి చేసివుంటే బాగుండేదని అనుకుంటాను? ఇది రెండవది. ఆయన మరొక హెచ్చరిక కూడ చేశాడు. మనసు చీకటిగా, నిరాశగా ఉన్నప్పుడు, శాంతిగా ఉన్నప్పుడు చేసుకొన్న నిర్ణయాన్ని మార్చుకోకూడదు. ఇంట్లో పెద్ద గొడవ జరిగిన రాత్రి ఏ నిర్ణయమూ తీసుకోవద్దు.

పిమ్మట పాపసంకీర్తనంలోనో విడిగానో మీ గురువుతో మాట్లాడండి. పెండ్లయినవాళ్ళు భార్యాభర్తల మాటకు ప్రత్యేక స్థానమివ్వాలి. ఇన్ని చేశాక అంతరాత్మ నిశ్చయంగా చెప్పేదానికి లోబడవలసిందే. అంతరాత్మ మనిషి దేవునితో ఒంటరిగా ఉండే గర్భగుడి అని రెండవ వాటికన్ మహాసభ భావం. ఆ గుడిలోకి తల్లిదండ్రులు కూడ రాలేరు. వాకిలి దాకా వచ్చి దీపం పట్టుకోగలరు, అంతే.

చివరగా, సలహా ఇచ్చే పెద్దలకు ఒక మాట. మీకు తెలిసిన నిజాన్ని దాచకుండ చెప్పండి. మీ భయాన్ని కూడ చెప్పండి. కాని మీ ముగింపును ఒట్లతోనూ, అలకతోనూ, నేను చస్తే తెలుస్తుందనే బెదిరింపుతోనూ బిడ్డల మెడకు కట్టవద్దు. సిజరియాలోని విశ్వాసులు పౌలును ఆపలేకపోయారు. ఐనా అతన్ని విడిచిపెట్టలేదు. వాళ్ళలో కొందరు అతనితో కలసి యెరూషలేముకు నడచిపోయారు, అతనికి బస కూడ చూపించారు (21, 16). కాదన్న బిడ్డతో కలసి నడవగలిగితే ఆ తల్లిదండ్రులు ధన్యులు.

ఈ వారం కుటుంబ ప్రార్థనలో ఈ మూడు ప్రశ్నలను ఒకరినొకరు అడగండి. నేను ఎవరి సలహాను కోపంతో త్రోసివేశాను, అందులో ఉన్న నిజం ఏమిటి? నలుగురేమంటారోనని భయపడి నేను వాయిదా వేస్తున్న మంచిపని ఏది? నా సలహా వినలేదని నేను మాట్లాడడం మానేసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?

ప్రార్థన: ప్రభూ, మాకు మంచి సలహాదారులను దయచెయ్యి. వాళ్ళ మాటలోని నిజాన్ని వినే చెవులనివ్వు. వాళ్ళ భయాన్ని భరించే ప్రేమనివ్వు. గెత్సెమని తోటలో నీ తండ్రి చిత్తానికి తలవంచిన నీవు, మా చిత్తాన్ని కూడ ఆ తండ్రి చిత్తంతో ఏకం చెయ్యి. ఆమెన్.